తల్లి తీగెల ముచ్చట

మంట కాడికి జరిగి కూసోండ్రి. కంది కట్టె జల్ది కాలిపోతది, ముచ్చటేమో పొడుగున్నది. పొద్దుగాల బొంబాయి రోడ్డు మీద షోలాపూర్ దిక్కునుంచి వచ్చిన డీసీఎంల నల్ల అంగూర్ పెట్టెలు దించుతుంటే మా మనుమరాలు అడిగింది: "తాతా, ఎర్ర వైన్ చేసే అంగూర్లు గివేనా? వీటి తల్లిదండ్రులెవరు?" అని. ఆమె ఉద్యాన కాలేజిల చదువుతది, అందుకే గా ప్రశ్న వచ్చింది. నా నౌకరి అంత అంగూర్ తోటల కాడనే గడిచింది. గీ ఒక్క ముచ్చట మాత్రం నన్ను ఎంత అడిగినా చెప్తనే ఉంట.

ముందు పొద్దుగాల వచ్చిన పండ్ల సంగతి. గవి శరద్ సీడ్‌లెస్. తినే పండు, వైన్ పండు గాదు. కిష్‌మిష్ చోర్నీ అని బయటి దేశంనుంచి వచ్చిన నల్ల అంగూర్ ఉంటది. షోలాపూర్ కాడ నానజ్ అనే ఊర్ల నానాసాహెబ్ కాళే అనే రైతు తోటల గా తీగెకే ఒక కొమ్మ వేరే తీరుగ కాసింది. ఆయన దాన్ని కనిపెట్టి, కోసి, నాటి, పెంచి, రకంగ నిలబెట్టిండు. కొమ్మ మారుడు ఎవరి తోటలనైనా అయితది, గింత సంగతి ఉన్నదని చూసే కన్నే తక్కువ. అంగూర్ చరిత్ర అంత గట్ల చూసినోళ్ల చరిత్రనే.

ఇగ అసలు సంగతికొస్త. మీరు జొన్న గింజ ఏస్తే జొన్న మొలుస్తది. పచ్చజొన్న ఏస్తే పచ్చజొన్ననే వస్తది. అంగూర్ గింజ గట్ల గాదు. తియ్యటి పండు తిని గా గింజను పాతిపెడితే మొలిచేది పులుపు కావచ్చు, చిన్న కాయ కావచ్చు, అసలు కాయకనే పోవచ్చు. తల్లి పోలిక సగం, తండ్రి పోలిక సగం, వాళ్ల తాతముత్తాతలది ఏదో ఒకటి పైకి తేలుతది. అందుకే అంగూర్ పెంచేటోళ్లు గింజను నమ్మరు. కొమ్మ కోసి నాటుతరు. కోసిన కొమ్మ తల్లికి బిడ్డ గాదు, తల్లే. ఎన్ని వందల ఏండ్లయినా, ఎన్ని దేశాలు దాటినా అదే తీగె. ఈ సంగతి మనసుల పెట్టుకోండ్రి. గియ్యాల ఫ్రాన్స్‌ల, చిలీల, మన నాసిక్‌ల కాబర్నే సావిన్యో అని ఎక్కడ కాసినా, అది ఎప్పుడో ఒక్కసారి, ఒక్క గింజనుంచి, ఒక్క తావుల మొలిచిన తీగెనే. ఎవరో దాన్ని పీకెయ్యలేదు. రుచి చూసి, కొమ్మ కోసి, పక్కింటాయనకు ఇచ్చిండు. గాయన పేరు ఏ పుస్తకంల లేదు.

మరి మన దక్కన్‌ల అంగూర్ ఎప్పటిదంటవా? ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంల దౌలతాబాద్ వచ్చి, ఇక్కడ అంగూర్, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాస్తయని రాసిండు. మన ఎండకు తీగె నిద్రపోదు. సలి దేశాల తీగె ఆకు రాల్చి ఆర్నెల్లు పండుకుంటది, మన తావుల దానికి ఆ నిద్ర లేదు. అందుకే ఏప్రిల్‌ల ఒక కత్తిరింపు, అక్టోబర్‌ల ఒక కత్తిరింపు. కత్తెర పెట్టినంక కోసిన మొన నుంచి నీళ్లు కారుతయి, చుక్క చుక్కగ, కన్నీళ్ల లెక్క. కొత్తగ వచ్చిన కూలోళ్లు తీగె సస్తుందేమో అని భయపడుతుండె. సావదు. వేరు పానం మీదున్నదనే దానికి గురుతు అది. వారం పది దినాలకు కన్ను ఉబ్బుతది, గులాబి రంగు నూగుతోని లేతాకు బయటికొస్తది. గా ఆకును నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరకపోతుండె.

మేం చిన్నగున్నప్పుడు ఈ జహీరాబాద్ బీదర్ జిల్లాలుండె. 1956ల రాష్ట్రాలు మారినప్పుడు మెదక్‌ల కలిసింది. పండ్లంటే మాకు కోహీర్ జామపండ్లు, సీతాఫలాలు, మామిడి. అంగూర్ అంటే పట్నం పండు. పట్నంల, అంటే హైదరాబాద్‌ల, 1890 ప్రాంతంల అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే పెద్దమనిషి అనాబ్-ఎ-షాహి తీగెను పెంచి పైకి తెచ్చిండు. లేత పసుపు, పొడుగు కాయ, గింజ ఉంటది, కండ నిండుగ ఉంటది. ఆ తర్వాత ఏండ్లల్ల పట్నం చుట్టూర రాతి కడీలు పాతి, తీగలు గుంజి, తల మీద ఎత్తున పందిర్లు ఏసిండ్రు. ఎండాకాలం మొదట్ల పందిరి కింద నడిస్తే గుత్తులు నెత్తికి తగులుతుండె. గా తీగె బెంగళూరుకు కూడ ఇక్కడినుంచే పోయింది. మంచిగ కాసిన తోటల దిగుబడి చూసి బయటి దేశపోళ్లు నమ్మకపోతుండె.

మరి బూజు తెగులొస్తే? మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టుడే. బోర్డో మిశ్రమం అని మన రైతులకు అందరికీ తెలుసు, టమాటకు కొడతరు, అల్లానికి పోస్తరు. బోర్డో ఒక ఊరు. ఫ్రాన్స్‌ల సముద్రం దిక్కున్నది, ఎర్ర వైన్‌కు పెట్టింది పేరు. అక్కడ దారి పక్క తోటల పండ్లు దొంగలు తినకుంట రైతులు తీగెలకు నీలం మందు పూసేటోళ్లు. 1882ల మిల్లార్డే అనే పంతులు గా దారిల పోతూ చూసిండు. అంత తోట బూజుతోని మాడిపోయింది, దారి పక్క పూసిన తీగెలు మాత్రం పచ్చగున్నయి. గట్ల పుట్టింది గా మందు. గా బోర్డో తోటలల్లనే మనం చెప్పుకునే ఎర్ర అంగూర్ కుటుంబం కూడ పెరిగింది.

కాబర్నే సావిన్యో ఎర్ర వైన్ అంగూర్లల్ల అందరికంటే పేరున్నది. చిన్న కాయ, మందం తొక్క, లోపట రసం తెల్లగనే ఉంటది. ఎర్ర వైన్‌ల ఎరుపు రసానిది గాదు, తొక్కది. తొక్కను రసంల నానబెడితెనే రంగు దిగుతది. ఇంత పేరున్న తీగె రోమనుల కాలందని కొందరు, ఇంకేదో దేశంనుంచి వచ్చిందని కొందరు, ఎవరికి తోచిన గొప్ప పుట్టుక వాళ్లు చెప్పుకున్నరు. 1997ల కాలిఫోర్నియాల డేవిస్ విశ్వవిద్యాలయంల జాన్ బోవర్స్, కరోల్ మెరిడిత్ అనే ఇద్దరు దాని డీఎన్‌ఏ తీసి చూసిండ్రు. లెక్క సులువే. తీగె డీఎన్‌ఏల కొన్ని కొన్ని తావుల రెండేసి గుర్తులుంటయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పిల్లల ఉన్న ప్రతి గుర్తుకు ఆ ఇద్దరిల ఒకరి దగ్గర జవాబు దొరకాలె. ఒక్కటి తప్పినా సంబంధం కుదరదు. గట్ల చూస్తే తల్లిదండ్రులు బయటపడ్డరు: ఒకరు కాబర్నే ఫ్రాంక్, నల్లది, ఇంకొకరు సావిన్యో బ్లాంక్, తెల్లది! రెండూ గా బోర్డో తోటలల్ల పక్కపక్కన పెరిగేటియే. గాలికో పురుగుకో పుప్పొడి అంటింది, గింజ పడ్డది, మొలిచింది. రాజు తెచ్చింది లేదు, సాధువు తెచ్చింది లేదు. ఎర్రవాటిల పెద్దదానికి కన్నవాళ్లల్ల ఒకరు తెల్ల అంగూర్ అని తెలిసిన దినం లోకమంత నోరెల్లబెట్టింది. రాజేంద్రనగర్ లైబ్రరీల గా సంగతి చదివిన దినం నాకు నిద్ర పట్టలే.

ఇంకోటి మెర్లో. దీని తండ్రి దిక్కు కూడ కాబర్నే ఫ్రాంకే అని తెలిసింది, తల్లి మాత్రం దొరకలే. ఉన్న రకాలన్నిటితోని పోల్చి చూసిండ్రు, ఏదీ కుదరలే. 1996ల బ్రిటనీల సాన్ సులియాక్ అనే ఊరి కాడ, ఎవరూ పట్టించుకోని పాత తోట జాగల ఒక తీగె దొరికింది. పేరు లేదు. బ్రిటనీ సలి ప్రాంతం, వైన్ దేశం గానే గాదు. దాని కొమ్మ తెచ్చి పెంచిండ్రు. పోల్చి చూస్తే, మెర్లో తల్లి అదే! తర్వాత షరాంత్ దిక్కు పల్లెలల్ల ఇండ్ల ముంగట నీడకు పాకించిన తీగెలు ఇంకొన్ని దొరికినయి. జులైల మాగ్దలెన్ పండుగ వరకు పండుతదని అక్కడి ముసలోళ్లు ఆ పేరుతోనే పిలుస్తరని తెలిసి, దానికి మాగ్దలెన్ న్వార్ దే షరాంత్ అని పేరు పెట్టిండ్రు. 2009ల గా సంగతి లోకానికి చెప్పిండ్రు. అర్జెంటీనాల పేరు తెచ్చుకున్న మాల్బెక్‌కు కూడ ఇదే తల్లి, తండ్రి ప్రూనెలార్ అనే వేరే తీగె. అంటే మెర్లో, కాబర్నే సావిన్యో ఒక దిక్కు తోడబుట్టినోళ్లు. మెర్లో, మాల్బెక్ ఇంకో దిక్కు తోడబుట్టినోళ్లు. లోకమంత అమ్ముడుపోయే ఇద్దరు బిడ్డలను కన్న తల్లి, పేరు కూడ లేకుంట ఒకరి ఇంటి గోడకు పాకి ఉన్నది. నాకు గుండె తడైతది గా మాట చెప్తుంటే. ఎవరన్న గా గోడను సున్నానికని చెక్కి తీగెను కొట్టేస్తే మనకు ఎన్నడూ తెల్వకపోతుండె.

షిరాజ్ సంగతి మనకు దగ్గరిది. నాసిక్‌ల, కర్ణాటకల ఎర్ర వైన్ చేసేటోళ్లు దీన్ని మస్తుగ పెంచుతరు. పేరు వినంగనే పారసీక దేశంల షిరాజ్ పట్నం యాదికొస్తది. అక్కడినుంచి ఒక యోధుడు ఫ్రాన్స్‌కు తెచ్చిండని, ఎర్మితాజ్ గుట్ట మీద తపస్సు చేసుకుంట నాటిండని కథ చెప్తరు. షిరాజ్ మన దక్కన్‌కు పరాయి పట్నం గాదు. షిరాజ్ కవి హాఫిజ్‌ను బహమనీ సుల్తాన్ గుల్బర్గాకు పిలిపించిండని, ఆయన హొర్ముజ్ కాడ ఓడ ఎక్కి, సముద్రం లేచేసరికి భయపడి ఎనుకకు మల్లిండని ఫిరిష్తా తన చరిత్రల రాసిండు. పక్కన బీదర్‌ల 1472ల మదర్సా కట్టించిన మహమూద్ గవాన్ కూడ గా దేశపోడే, గీలాన్ నుంచి వచ్చిండు. అందుకని షిరాజ్ కథ నిజమైతే మనకు ఎంత సంబురం! కాని డీఎన్‌ఏ వేరే జవాబు చెప్పింది. దాని తల్లిదండ్రులు దురేజా అనే నల్ల అంగూర్, మొందూజ్ బ్లాంష్ అనే తెల్ల అంగూర్. రెండూ ఫ్రాన్స్‌ల రోన్ నది దిక్కు కొండ సీమలవే. రెండూ పేరు పోయి, దాదాపు కనుమరుగైనయే. ఎంత గొప్ప కథ ఉన్నా తీగె మాటే ఆఖరి మాట. తీగెకు అబద్ధం రాదు.

ఇగ పినో, గ్వే కథ ఇంకా వింత. పినో అంటే దొరల అంగూర్, బుర్గుండి రాజ్యంల పెద్దోళ్లది. గ్వే బ్లాంక్ అంటే పేదోళ్ల తెల్ల అంగూర్, పుల్లటిది, మస్తు కాస్తది. దాన్ని చీదరించుకొని ఎన్నో తావుల నాటొద్దని కట్టడి చేసిండ్రు. 1999ల అదే డేవిస్ వాళ్లు, ఫ్రాన్స్ వాళ్లు కలిసి చూస్తే గీ రెండింటికి పుట్టిన పిల్లలు పదహారు రకాలు తేలినయి. లోకంల పేరు మోసిన తెల్లది షార్డొనే గా కడుపుల పుట్టిందే. ఎర్రదాంట్ల గమే. గా గమేను 1395ల బుర్గుండి ప్రభువు ఫిలిప్ పీకెయ్యమని హుకుం జారీ చేసిండు. ఇయ్యాల బోజొలే ఎర్ర వైన్ గా గమేతోనిదే. దొర తోట పక్కనే కూలోడి తోట ఉండబట్టి గా పెండ్లి అయ్యింది. కంచెలు కట్టినా గాలికి కంచె లేదు.

జిన్‌ఫాండెల్ అని కాలిఫోర్నియాల మస్తు పేరు. మా సొంతమని వాళ్లు గర్వపడుతుండె. 2001ల క్రొయేషియా సముద్రపొడ్డున కాష్టెల్ కాడ ఒక పాత తోటల మిగిలిన కొన్ని తీగెలు అదే అని తేలింది. ఇటలీల ప్రిమిటివో కూడ అదే తీగె. మూడు దేశాలు, మూడు పేర్లు, ఒక్క పానం.

ఇక్కడ ఒక ఆపద ముచ్చట చెప్పకపోతే కథ కుంటిదైతది. 1860లల్ల అమెరికానుంచి మొక్కలతోని ఫిలాక్సెరా అనే చిన్న పురుగు యూరప్ పోయింది. వేరు రసం పీలుస్తది. ఫ్రాన్స్ తోటలు ఎకరాలకెకరాలు ఎండిపోయినయి. మందులు, నీళ్లు, మంత్రాలు, ఏదీ ఆపలే. ఆఖరుకు గా అమెరికా అడవి తీగె వేరు మీదనే యూరప్ కొమ్మ అంటు కట్టిండ్రు. గా వేరును పురుగు ఏం చెయ్యలేదు. నేటికీ అదే పద్ధతి. మన దిక్కు కూడ రైతులు డాగ్‌రిడ్జ్ అనే టెక్సాస్ అడవి తీగె వేరు మీద అంటు కడతరు, ఇక్కడ పురుగు కోసం గాదు, నీళ్ల కరువుకు, ఉప్పు నేలకు. ఆ ఆపదల ఎన్నో రకాలు బోర్డోల మల్లా నాటకుంట పోయినయి. కార్మెనేర్ గట్ల పోయిందే. కాని పురుగు రాకముందే దాని కొమ్మలు మెర్లో కొమ్మలల్ల కలిసి చిలీ పోయినయి. చిలీ వాళ్లు అంత మెర్లో అనే పెంచిండ్రు. 1994ల జాన్ మిషెల్ బూర్సికో అనే ఫ్రాన్స్ పండితుడు గా తోటల నడుచుకుంట పోతూ పువ్వు చూసి, లేతాకు చూసి ఆగిండు. మెర్లో లేతాకు అడుగు తెల్లగుంటది, దీనిది ఎర్రగున్నది. ఇది కార్మెనేర్ అని చెప్పిండు. మెర్లో తల్లిని పట్టుకున్న పనిల కూడ ఈయన చెయ్యి ఉన్నది. యంత్రం తర్వాత సంగతి, ముందు ఆకును గుర్తుపట్టే కన్ను ఉండాలె. మాకు నౌకరిల మొదటి పాఠం గదే: ఆకు తిప్పి అడుగు చూడు, నూగు చూడు, తొడిమె కాడ సందు ఎట్లున్నదో చూడు, తర్వాత పేరు చెప్పు.

నల్లదాని కడుపుల తెల్లది ఎట్ల పుడతదని అడుగుతవేమో బిడ్డా. నల్ల రంగు తొక్కకు ఒక జన్యువు ఇస్తది. ఎప్పుడో పాతకాలంల గా జన్యువు ఒక తీగెల చెడ్డది, దాంతోని తెల్ల అంగూర్ పుట్టింది. ఒక తీగెకు మంచిది ఒకటి, చెడింది ఒకటి ఉంటే కాయ నల్లగనే కాస్తది, కాని లోపట తెలుపు దాసుకొని ఉంటది. పిల్లకు తల్లి దిక్కునుంచి, తండ్రి దిక్కునుంచి రెండూ చెడినియే వస్తే తెలుపు పైకొస్తది. దీనికి ఫ్రాన్స్ పోవుడు అక్కర్లేదు. బెంగళూరు బ్లూ అంగూర్ చూసినవు గద, నల్లది, గుప్పుమని వాసన కొడతది. అది అమెరికా అడవి తీగె రక్తం ఉన్న ఇసబెల్లా. ఫ్రాన్స్ 1934ల దాంతోని వైన్ చెయ్యొద్దని చట్టం పెట్టింది, మన దక్షిణంల మాత్రం అది మంచిగ బతికింది. బెంగళూరు కాడ హేసరఘట్టల ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు గా బెంగళూరు బ్లూకు మన పట్నం అనాబ్-ఎ-షాహి పుప్పొడి అంటించిండ్రు. పుట్టింది అర్కా హంస, వైన్‌కు పనికొచ్చే పసుపుపచ్చ కాయ. నల్ల తల్లి, తెల్ల బిడ్డ! అదే బెంగళూరు బ్లూకు బ్లాక్ చంపాతోని పుట్టిన అర్కా శ్యామ్ మాత్రం నిగనిగ నలుపు. కాబర్నే సంగతి డేవిస్‌ల తేలకముందే గా సంస్థ వాళ్లు మన తీగెల పెండ్లిళ్లు చేసి, ఎవరికి ఎవరు పుట్టిండ్రో పుస్తకంల రాసిపెట్టిండ్రు. వైన్ దుకాణంల అర్కా హంస పేరు వినబడదు, కాని మన హైదరాబాద్ తీగె రక్తం దాంట్ల పారుతది.

మీరు పాత పంటల జాతర చూస్తుంటరు గద, సంకురాత్రి కాడ మొదలై ఎడ్ల బండ్ల మీద విత్తనాలు ఊరూర తిరుగుతయి. పస్తాపూర్‌ల డీడీఎస్ సంఘం 1983ల మొదలైంది. గా సంఘం ఆడోళ్లు కొర్రలు, సామలు, తీరు తీరు జొన్నలు ఇంట్ల బూడిదల, వేపాకుల దాసి నిలబెట్టిండ్రు. 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్లు వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చిండ్రు. గట్లనే ఫ్రాన్స్‌ల దక్షిణాన సముద్రపొడ్డున వస్సాల్ అనే తోట 1949ల మొదలైంది. గా ఇసుకల ఫిలాక్సెరా పురుగు బతకదు, అందుకే అక్కడ వేలకొద్ది తీగెలను సొంత వేర్ల మీద పెంచిండ్రు. అమ్ముడుపోనియి, పేరు లేనియి, ఎవరికీ పనికిరానియి, అన్నీ. గసొంటి తోటలల్ల దాసిన తీగెలు ఉండబట్టే తల్లిదండ్రులను పోల్చి చూసుడైంది. గింజను దాసుడు కంటే తీగెను దాసుడు కష్టం. గింజ కుండల పండుకుంటది. తీగెకు ఏటేటా నీళ్లు పెట్టాలె, కత్తిరించాలె, మందు కొట్టాలె. ఒక్క ఏడు మరిస్తే పోతది.

మన పట్నం చుట్టూర తోటలు పోయినయి. నేను కత్తెర పట్టి తిరిగిన పందిర్ల జాగల ఇయ్యాల అపార్ట్‌మెంట్లున్నయి. బజార్ల గింజ లేని పండే అడుగుతరు, అనాబ్-ఎ-షాహిని అడిగేటోళ్లు లేరు. అయినా పాత ఇండ్ల ముంగట, కొన్ని బంగ్లాల ఎనుక ఇంకా ఒకటో రెండో తీగెలు పాకి ఉన్నయి, వాటి పేరు ఆ ఇంటోళ్లకే తెల్వదు. మీరు పట్నంల చదువుకుంటున్నరు, కనబడితే ఊకె పోకుండ్రి. ఆకు తిప్పి చూడుండ్రి. ఇంటోళ్లను అడిగి అక్టోబర్ కత్తిరింపుల, పండిన గోధుమరంగు కొమ్మ, పెన్సిల్ అంత మందముండేది, నాలుగు కన్నులుండేటట్టు కొయ్యుండ్రి. అడుగు కోత కణుపు కిందనే ఉండాలె, పై కోత కన్నుకు వేలెడు పైన. తలకిందులు గాకుంట రెండు కన్నులు మట్టిల, రెండు కన్నులు పైన పెట్టి, నీడల ఉంచి, తడి ఆరనీయకుండ్రి. ఏ వాడ, ఏ తీరు ఇల్లు, ఎప్పటి తీగె అని ఇంటోళ్లు చెప్పిన మాట చీటి మీద రాసి దానికి కట్టుండ్రి. ఒకటి నాకు తెచ్చి ఇయ్యుండ్రి, బాయి కాడ పందిరికి రాతి కడీలు నేనే పాతిస్త.